నమూనా విమానమునకు తోడు బ్యాటరీ

గాలిపటము ఎగురవేయు బాలుని చేతిలో దారము ఉన్నంతవరకు అది వాని అదుపులో ఉండును. దారము తెగినచో అది ఏ చెట్టుపై వ్రాలునో, ఏ ఇంటి కప్పుపై పడునో ఎవరును చెప్పలేరు. రేడియో సంకేతములతో నడచు నమూనా విమానమునకు కంటికి కనిపించు దారము లేదు. నేలపై నిలిచియున్న చోదకుని చేతిలోని ప్రేషకము నుండి బయలుదేరు రేడియో తరంగములే దానికి దారము. కాని ఈ దారము రెండవ కొస విమానములోని ఒక బ్యాటరీకి కట్టియున్నది. ఆ బ్యాటరీ పనిచేయుట మానినచో, ప్రేషకము ఎంత బలముగ సంకేతములను పంపినను విమానములో వాటిని వినువారు ఉండరు.

అప్పుడు కలుగు ప్రమాదము చిన్నది కాదు. 5 కిలోగ్రాముల బరువుగల నమూనా విమానము గంటకు 80 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు సుమారు 22 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని గతిజశక్తి సుమారు 1,200 జౌళ్ళు. ఆ బరువునే దాదాపు 25 మీటర్ల ఎత్తు నుండి, అనగా ఎనిమిది అంతస్తుల మేడపై నుండి, క్రిందికి వదలినచో నేలను తాకునప్పటి శక్తియు అంతే. మైదానమునకు వచ్చినవారిలో ఎవరిపై అది పడినను ప్రాణాపాయమే. ఎన్.సి.సి. వైమానిక విభాగపు విద్యార్థులు నమూనా విమానములను నిర్మించుట, ఎగురవేయుట నేర్చుకొందురు. అట్టి నమూనాలలో ప్రధాన బ్యాటరీకి తోడుగ మరియొక బ్యాటరీని అమర్చు పద్ధతి ఉన్నది. ఆ తోడు బ్యాటరీని ఎట్లు ఎన్నుకొనవలెనో తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో నేర్చిన ఓమ్ సూత్రము చాలును.

విమానములో విద్యుత్తు ఎవరికి కావలెను?

రేడియోతో యంత్రమును నడపుట నూటయిరువది యేండ్లకు పైబడిన విద్య. 1898లో నికొలా టెస్లా న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను తీగలు లేకుండ నడపి చూపెను. ఆ పడవకును బ్యాటరీయే ఆధారము. అయితే బ్యాటరీ అయిపోయిన పడవ నీటిపై తేలియుండును. విమానమునకు ఆ సౌకర్యము లేదు.

నమూనా విమానములో రెండు ముఖ్యమైన భాగములకు విద్యుత్తు కావలెను. మొదటిది గ్రాహకము. ఇది సంకేతములను అందుకొని వాటి అర్థమును గ్రహించును. దీనికి కావలసిన ప్రవాహము చాల స్వల్పము. రెండవది సర్వో మోటార్ల సమూహము. రెక్కల అంచులను, తోకను, ఇంజను కవాటమును కదలించునవి ఇవియే. ఒక్కొక్క సర్వో ఊరక ఉన్నప్పుడు కొన్ని మిల్లీ ఆంపియర్లను మాత్రమే తీసికొనును. గాలి ఒత్తిడికి ఎదురుగ రెక్క అంచును త్రిప్పవలసి వచ్చినప్పుడు ఒక ఆంపియరును, పెద్ద సర్వో అయినచో అంతకంటె ఎక్కువను కోరును. విమానము వేగముగ మలుపు తిరుగునప్పుడు నాలుగు సర్వోలు ఒకేసారి బలముగ పనిచేయవచ్చును. అప్పటి ప్రవాహము నాలుగైదు ఆంపియర్లకు చేరును. అది ఒక క్షణము మాత్రమే. కాని ఆ క్షణములో బ్యాటరీ ఎట్లుండునన్నదే ఈ వ్యాసములోని అసలు విషయము.

నేటి గ్రాహకములలో ఒక చిన్న గణకయంత్రము ఉండును. వోల్టేజి ఒక హద్దుకంటె తగ్గినచో అది ఆగిపోయి, వోల్టేజి మరల పెరిగిన తరువాత మొదటినుండి పని ప్రారంభించును. అనేక గ్రాహకములలో ఈ హద్దు 3, 3.5 వోల్టుల ప్రాంతమున ఉండును. అది తిరిగి మేల్కొనులోపల విమానము చోదకుని మాట వినదు. నేలకు సమీపమున ఎగురుచున్న విమానమునకు ఒకటి రెండు సెకనులు కూడ ఎక్కువే.

సంకేతము తప్పిపోయినప్పుడు ఇంజను వేగమును తగ్గించు రక్షణ ఏర్పాటు గ్రాహకములోనే కలదు గదా, ఇంకను భయమెందుకని విద్యార్థులు అడుగవచ్చును. ఆ ఏర్పాటు సంకేతము పోయినప్పుడు ఉపయోగపడును. విద్యుత్తు పోయినప్పుడు కాదు. ఇంజను కవాటమును మూయుటకు సర్వో కదలవలెను; సర్వో కదలుటకు విద్యుత్తు కావలెను. విద్యుత్తు పోయినచో సర్వోలు ఉన్నచోటనే నిలిచిపోవును. పెట్రోలు ఇంజను జ్వలనమునకు వేరు బ్యాటరీ ఉండుటచేత, జ్వలనమును ఆపు ప్రత్యేకమైన ఏర్పాటు లేనిచో, చోదకుడు లేని ఆ విమానము పూర్తి వేగముతోనే పోవుచుండును.

తోడు నిజముగ తోడు కావలెనన్నచో

ప్రధాన బ్యాటరీ విఫలమగుటకు అందలి విద్యుత్తు అయిపోవుట ఒక్కటే కారణము కాదు. ఇంజను అదురుకు తీగ విరుగవచ్చును. స్విచ్చిలోని లోహపు స్పర్శ సడలవచ్చును. వరుసగ కలిపిన ఘటములలో ఒకటి చెడినచో మిగిలినవి బాగుగనున్నను ఫలము లేదు. వోల్టేజిని క్రమపరచు నియంత్రకము కాలిపోవచ్చును. విద్యుత్ మోటారుతో ఎగురు నమూనాలలో మోటారు బ్యాటరీనుండియే ఇట్టి నియంత్రకము ద్వారా గ్రాహకమునకు విద్యుత్తు అందును. అచ్చట ఆ నియంత్రకమే బలహీనమైన లంకె కావచ్చును.

ఒక బ్యాటరీ వరుస వెయ్యిసార్లలో ఒకసారి విఫలమగుననుకొందము. అట్టివే రెండు వరుసలు ఒకదానితో ఒకటి సంబంధము లేకుండ ఉన్నచో, రెండును ఒకేసారి విఫలమగుట పదిలక్షలలో ఒకసారి మాత్రమే. సంభావ్యతా గణితము చెప్పు ఈ మేలు “సంబంధము లేకుండ” అను మాటపైన ఆధారపడియున్నది. రెండు బ్యాటరీలను ఒకే స్విచ్చికి, ఒకే తీగకు కలిపినచో ఆ స్విచ్చి లేక ఆ తీగ చెడిన క్షణముననే రెండును నిష్ప్రయోజనమగును. అందుచేత తోడు బ్యాటరీకి వేరు తీగ, వేరు స్విచ్చి, వేరు మార్గము ఉండవలెను.

పైన ముద్రించిన అంకె చెప్పని విషయము

బ్యాటరీని కొనువారు మొదట చూచునది దానిపై ముద్రించిన మిల్లీ ఆంపియర్-గంటల అంకె. 1000 మిల్లీ ఆంపియర్-గంటలనగా ఒక ఆంపియరు ప్రవాహమును సుమారు ఒక గంటసేపు ఇచ్చునని అర్థము. తోడు బ్యాటరీ విషయములో ఈ లెక్క సులభమైనది. ప్రధాన బ్యాటరీ విఫలమైనట్లు తెలియగనే విమానమును దింపవలెను. దానికి 10 నిమిషములు చాలును. సగటు ప్రవాహము 0.8 ఆంపియరు అనుకొన్నచో 0.8 × 10 ÷ 60 = 0.133 ఆంపియర్-గంట, అనగా 133 మిల్లీ ఆంపియర్-గంటలు కావలెను. బ్యాటరీ పాతబడుటను, నిలువయుండి కొంత కోల్పోవుటను దృష్టిలో పెట్టుకొని దీనిని మూడింతలు చేసినను 400 చాలును. కావున చిన్న బ్యాటరీయే సరిపోవునని తోచును. పొరపాటు ఇచ్చటనే జరుగును.

కడవ నిండ నీరున్నను దాని మూతి సన్ననిదైనచో నీరు ధారగ రాదు, బొట్లుగ వచ్చును. మిల్లీ ఆంపియర్-గంటలు కడవ పరిమాణమును చెప్పును. మూతి వెడల్పును చెప్పవు. ఆ మూతి ఇరుకుదనమే బ్యాటరీ అంతర్నిరోధము. ప్రతి ఘటములోను రసాయన ద్రవ్యములకు, లోహపు రేకులకు కొంత నిరోధము ఉండును. ప్రవాహము ప్రసరించినప్పుడు ఈ నిరోధము వలన వోల్టేజిలో కొంత భాగము ఘటములోపలనే ఖర్చగును. ఓమ్ సూత్రము ప్రకారము ఈ నష్టము ప్రవాహమును నిరోధముచే గుణించిన లబ్ధమునకు సమానము. ప్రవాహము పది రెట్లయినచో నష్టమును పది రెట్లగును.

ఒక ఉదాహరణము

ఒక పెట్రోలు ఇంజను విమానములో అత్యధిక ప్రవాహము 4 ఆంపియర్లనుకొందము. ఆ సమయములో గ్రాహకమునొద్ద వోల్టేజి 4.5కు తగ్గరాదని నిర్ణయించుకొందము. తోడు బ్యాటరీగ ఐదు నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటములను వరుసగ కలిపినచో, ఒక్కొక్కటి 1.2 వోల్టుల చొప్పున మొత్తము 6 వోల్టులు. తీగలకు, అతుకులకు 0.05 ఓమ్ నిరోధము ఉన్నదనుకొందము.

మొదట పై లెక్క చెప్పిన 400 మిల్లీ ఆంపియర్-గంటల చిన్న ఘటములను తీసికొందము. ఒక్కొక్కదాని అంతర్నిరోధము 0.08 ఓమ్ అయినచో, ఐదింటికి 0.40, తీగలతో కలిపి 0.45 ఓమ్. 4 ఆంపియర్ల వద్ద నష్టము 1.8 వోల్టులు. గ్రాహకమునకు మిగులునది 4.2 వోల్టులు. ఇది నిర్ణయించుకొన్న హద్దుకంటె తక్కువ. ఘటములు కొంత వాడబడి యున్నచో ఇంకను తగ్గును.

ఇప్పుడు టార్చిలైటులో వేయు సాధారణ పరిమాణములోని 2000 మిల్లీ ఆంపియర్-గంటల ఘటములను తీసికొందము. ఒక్కొక్కదాని అంతర్నిరోధము 0.02 ఓమ్ అయినచో, ఐదింటికి 0.10, తీగలతో 0.15 ఓమ్. నష్టము 0.6 వోల్టు మాత్రమే. గ్రాహకమునకు 5.4 వోల్టులు అందును.

రెండవ బ్యాటరీ పది నిమిషముల పనికి పదిహేను రెట్లు పెద్దది. అయినను అంత పెద్దది కావలసినది నిమిషముల కొరకు కాదు. ఆ ఒక్క కష్టమైన క్షణము కొరకు. తోడు బ్యాటరీ ఎన్నికలో ముఖ్యసూత్రము ఇదియే. ఎంతసేపు నడచుననుట రెండవ ప్రశ్న. అత్యధిక ప్రవాహమును ఇచ్చునప్పుడు వోల్టేజి ఎంత నిలుచుననుట మొదటి ప్రశ్న.

ఏ జాతి ఘటము మేలు?

బజారులో దొరకు ఆల్కలైన్ ఘటములు 1.5 వోల్టులు చూపినను, ఒక్కొక్కదాని అంతర్నిరోధము 0.15 నుండి 0.3 ఓమ్ వరకు ఉండును. నాలుగింటిని కలిపి 2 ఆంపియర్లను తీసికొన్నచో ఒక వోల్టుకు పైగ నష్టమగును. గోడ గడియారమునకు, టార్చిలైటుకు ఇవి మంచివే గాని విమానములోని సర్వోలకు తగినవి కావు.

నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటములు బలమైనవి, మోటుగ వాడినను ఓర్చుకొనునవి. వీటి లోపము నిలువయుండగ తమంతట తాము విద్యుత్తును కోల్పోవుట. సాధారణ జాతి ఘటము ఒక నెలలోనే ఐదవ వంతును లేక అంతకంటె ఎక్కువను పోగొట్టుకొనవచ్చును. 2005 నుండి బజారులోనికి వచ్చిన స్వల్పక్షయ జాతి ఘటములు ఒక సంవత్సరము తరువాత కూడ చాల భాగమును నిలుపుకొనును. నెలకొకసారి మాత్రమే ఎగురవేయు విమానములో ఈ జాతినే వాడుట మంచిది. ఐదు ఘటముల బరువు సుమారు 150 గ్రాములు.

లిథియం-ఐరన్ ఫాస్ఫేట్ ఘటము వోల్టేజి 3.2 లేక 3.3. రెండింటిని కలిపినచో సుమారు 6.6 వోల్టులు. 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవుగల 1100 మిల్లీ ఆంపియర్-గంటల ఘటములు రెండు కలిసి 80 గ్రాముల ప్రాంతమున తూగును. అంతర్నిరోధము తక్కువ, నిలువయుండగ కలుగు నష్టమును స్వల్పము. కాని చివరివరకు వోల్టేజి దాదాపు ఒకే తీరున నిలిచి, పిదప హఠాత్తుగ పడిపోవును. అందుచేత వోల్టుమాపకమును చూచి ఎంత మిగిలినదో చెప్పుట కష్టము. మరల ఛార్జి చేయునప్పుడు ఎన్ని మిల్లీ ఆంపియర్-గంటలు లోనికి పోయినవో చూచియే ఖర్చును గ్రహింపవలెను.

లిథియం-పాలిమర్ ఘటముల రెండింటి వోల్టేజి 7.4; పూర్తిగ ఛార్జి చేసినప్పుడు 8.4. బరువుకు తగినంతకంటె ఎక్కువ బలమిచ్చునవి ఇవియే. అయితే 6 వోల్టులకు మాత్రమే నిర్మింపబడిన సర్వోలను ఇవి చెడగొట్టును. అధిక వోల్టేజికి తగిన సర్వోలున్నప్పుడు గాని, మధ్యలో నియంత్రకమున్నప్పుడు గాని వీటిని వాడవలెను. నియంత్రకము చేర్చినచో చెడుటకు మరియొక భాగము చేరినట్లే. గ్రుచ్చుకొన్నను, నలిగినను, మితిమించి ఛార్జి చేసినను ఇవి అంటుకొనవచ్చును. మే మాసపు ఎండలో మూసియుంచిన కారులో వీటిని వదలరాదు. వాడని రోజులలో ఘటమునకు 3.8 వోల్టుల ప్రాంతమున ఉంచవలెను. ప్రతి జాతికి దానికి తగిన ఛార్జరునే వాడవలెను. ఛార్జి అగునంతసేపు మనిషి దగ్గర నుండవలెను.

రెండు బ్యాటరీలను కలుపు విధము

రెండింటిని నేరుగ కలిపినచో ఎక్కువ వోల్టేజిగలది తక్కువదానిలోనికి ప్రవాహమును పంపును. ఒకటి చెడినచో రెండవదానిని కూడ ఖాళీచేయును. దీనిని నివారించుటకు ప్రతి బ్యాటరీ మార్గములోను ఒక డయోడును పెట్టుట సులభమైన పద్ధతి. డయోడు ప్రవాహమును ఒకే దిక్కునకు పోనిచ్చును. అందుకు ప్రతిఫలముగ కొంత వోల్టేజిని తీసికొనును. సాధారణ సిలికాన్ డయోడు 0.7 వోల్టును, షాట్కీ జాతి డయోడు 0.3 నుండి 0.5 వోల్టు వరకు తీసికొనును. పై ఉదాహరణములో 0.4 వోల్టు పోయినచో 5.4కు బదులు 5.0 వోల్టులు మిగులును. ఇది చాలును.

కాని ఇందులో ఒక చిక్కు కలదు. డయోడుల ద్వారా కలిపినప్పుడు ఏ మార్గములో వోల్టేజి ఎక్కువయో అదియే భారమును మోయును. ప్రధాన మార్గము నియంత్రకము ద్వారా 6 వోల్టులను ఇచ్చుచున్నదనుకొందము. అప్పుడే ఛార్జి చేసిన ఐదు ఘటముల తోడు బ్యాటరీ 6.9 వోల్టుల వరకు చూపవచ్చును. డయోడు తీసికొన్నది పోగ 6.5. ఆపదలో ఆదుకొనవలసిన బ్యాటరీ మొదటినుండియే ఖర్చగుచుండును. చోదకునికి ఆ సంగతి తెలియదు.

దీనికి మందుగ కొందరు తోడు బ్యాటరీని నాలుగు ఘటములకు తగ్గింతురు. అప్పుడు కష్టమైన క్షణమున మిగులునది ఎంత? 4.8 నుండి 4 × 0.13 = 0.52 వోల్టును, డయోడు తీసికొను 0.4 వోల్టును తీసివేసినచో 3.88 వోల్టులు. గ్రాహకము ఆగిపోవు హద్దునకు ఇది మిక్కిలి దగ్గర. కావున ప్రధాన వోల్టేజిని కనిపెట్టుచు, అది నిర్ణీతమైన హద్దుకంటె తగ్గినప్పుడు మాత్రమే తోడు బ్యాటరీని కలుపు ఎలెక్ట్రానిక్ స్విచ్చి మేలైనది. ఇందలి ట్రాన్సిస్టరు తీసికొను వోల్టేజి డయోడుకంటె చాల తక్కువ.

స్విచ్చి మారినట్లు చోదకునికి వెంటనే తెలియవలెను. నేటి గ్రాహకములు అనేకము విమానములోని వోల్టేజిని తిరిగి ప్రేషకమునకు తెలుపగలవు. ఆ సౌకర్యము లేనిచో కాంతివంతమైన దీపమునైనను అమర్చవలెను. తోడు బ్యాటరీ పని ప్రారంభించుట విమానమును దింపుమను ఆజ్ఞయే గాని, ఆటను సాగించుటకు అనుమతి కాదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

అంతర్నిరోధమును కొలుచుటకు ఒక వోల్టుమాపకము, 5 ఓమ్‌ల, 10 వాట్ల నిరోధకము చాలును. నాలుగు నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటములను వరుసగ కలిపి, భారము లేనప్పుడు వోల్టేజిని చూడవలెను. పిదప నిరోధకమును రెండు మూడు సెకనులు కలిపి మరల చూడవలెను. మొదటిది 5.2, రెండవది 5.0 అయినదనుకొందము. ప్రవాహము 5.0 ÷ 5 = 1 ఆంపియరు. తగ్గిన వోల్టేజి 0.2. కావున మొత్తము అంతర్నిరోధము 0.2 ఓమ్. ఇందులో ఘటములను పట్టియుంచు పెట్టెలోని స్ప్రింగుల నిరోధము కూడ చేరియుండును. విమానములలో స్ప్రింగుల పెట్టెలను వాడక, అతికిన ఘటములనే వాడుటకు ఇది ఒక కారణము. అదురు రెండవ కారణము.

అటు తరువాత నాలుగు ఆల్కలైన్ ఘటములతో ప్రయోగమును మరల చేయవలెను. భారము లేనప్పుడు 6.2, భారముతో 5.2 వచ్చినదనుకొందము. ప్రవాహము 1.04 ఆంపియర్లు, నిరోధము దాదాపు 0.96 ఓమ్. భారము లేనప్పుడు ఎక్కువ వోల్టేజి చూపినదే భారము పడినప్పుడు ఎక్కువగ కుంగిపోవుటను విద్యార్థులు కన్నులార చూతురు. నిరోధకము వేడెక్కును గనుక చేతితో పట్టుకొనరాదు. ఏ బ్యాటరీ కొసలను నేరుగ కలుపరాదు. లిథియం ఘటములను ఈ ప్రయోగమునకు తీసికొనకుండుట మంచిది.

ఎగురుటకు ముందు

ఎంత మంచి తోడు బ్యాటరీయైనను పరీక్షింపనిచో దానిపై నమ్మకము పెట్టుకొనరాదు. ప్రతిసారి విమానము నేలపై నుండగనే, ఇంజనును ఆపి, ప్రధాన బ్యాటరీ తీగను ఊడదీయవలెను. తోడు బ్యాటరీతో మాత్రమే అన్ని సర్వోలను ఒకేసారి అటునిటు వేగముగ కదలించి, గ్రాహకమునొద్ద వోల్టేజి ఎంతవరకు తగ్గినదో చూడవలెను. ఆకాశములో గాలి ఒత్తిడి కూడ చేరును గనుక నేలపై కనబడినదానికంటె ఎక్కువ తగ్గుదల ఉండునని గ్రహించి, హద్దుకు పైన చాలినంత మిగులును ఉంచుకొనవలెను. ఈ అంకెను ఒక పుస్తకములో తేదీతో వ్రాసి యుంచినచో, నెలనెలకు బ్యాటరీ ముసలిదగుట అందులో కనబడును. అంతర్నిరోధము మొదటనున్నదానికి రెట్టింపైనచో ఆ బ్యాటరీని విమానము నుండి తీసివేయవలెను. అట్టివానిని చెత్తకుండీలో పారవేయక, 2022లో భారత ప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ననుసరించి, సేకరణ కేంద్రమునకు అప్పగించుట ఉచితము.

తోడు బ్యాటరీ తన జీవితకాలములో ఒక్కసారియైనను పనిచేయవలసిన అవసరము రాకపోవచ్చును. అది వ్యర్థమైన బరువని అప్పుడు తోచును. కాని దాని అవసరము వచ్చిన నాడు, కొలిచి ఎన్నుకొన్న బ్యాటరీకిని, పైనున్న అంకెను మాత్రమే చూచి కొన్న బ్యాటరీకిని గల భేదము ఆ ఒక్క క్షణములో తేలిపోవును. క్రింద నిలిచి చూచుచున్నవారి క్షేమము ఆ భేదముపైననే ఆధారపడియుండును.